ముందు నీ సెన్సర్‌ను అనుమానించు

హనుమకొండ

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నిట్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. టాపిక్ ఏందంటే ‘ఐఓటీతో స్మార్ట్ వ్యవసాయం’ అన్నావట, అంటే సెన్సర్లను ఇంటర్నెట్‌కు కలిపి సేద్యం చేయడం. అది టాపిక్ కాదు బిడ్డా, దుకాణం బోర్డు. లోపల ఏం అమ్ముతావో ఇంకా తేలాలి.

ఒక సెన్సరు, దాన్ని చదివి వైఫైలో పంపే చిన్న ఈఎస్‌పీ32 బోర్డు, ఫోన్‌లో ఒక గ్రాఫు. ఇంతవరకైతే బీటెక్ పిల్లలు రెండు వారాల్లో చేసేస్తున్నారు. ఫోన్‌తో మోటారు నడపడం మన రైతులకూ కొత్త కాదు, స్టార్టర్ డబ్బాలో సిమ్ వేసుకుని మంచం మీది నుంచే బోరు ఆన్ చేస్తున్నారు. దానికి ముందు ఆటో స్టార్టర్లు ఉండేవి, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, అవసరం ఉన్నా లేకున్నా బోర్లు నడిచి భూగర్భ జలాలు అడుగంటుతాయని, ఆ స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను అడగాల్సి వచ్చింది. పరికరం చెడిపోలేదు, చక్కగానే పనిచేసింది. ఎప్పుడు ఆగాలో దానికి తెలియదు, అంతే. నీకు పని దొరికేది అక్కడ.

ఎప్పుడు ఆపాలో చెప్పాలంటే నేలలో తడి ఎంతుందో తెలియాలి కదా. అది చెప్పే సెన్సర్ అబద్ధాలాడుతుంది. నాకు తెలిసొచ్చిన తీరు చెప్తా.

పరకాల వైపు ఒక మిర్చి చేనులో ఆరు సెన్సర్ డబ్బాలు పెట్టాం. నల్లరేగడి నేల. నీళ్లు పెట్టిన మర్నాడు కూడా అందులో రెండు డబ్బాలు ‘ఎండిపోయింది, ఎండిపోయింది’ అని మొత్తుకునేవి. ప్రోగ్రాంలో తప్పుందేమోనని వారం రోజులు లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. ఆ చేను రైతు వచ్చి, కింద కూర్చుని, సెన్సర్ రేకు పక్కన చిటికెన వేలు పెట్టాడు. సగం వేలు లోపలికి పోయింది. రేగడి ఎండితే నెర్రెలు బారుతుంది. రేకుకూ మట్టికీ నడుమ సందు పడింది, తర్వాత నీళ్లు పారినా అది పూడలేదు. మేం వారం రోజులుగా కొలిచింది గాలిని! “నన్ను ముందే అడిగితే అయిపోవు గద సారూ” అన్నాడు. నిజమే, అడగలేదు.

అందుకే మొదటి ఆరు నెలలు ఏ యాప్ జోలికీ పోకు. నువ్వు పనిచేసే ప్రతి చేను నుంచీ మట్టి తెచ్చుకో. సెన్సర్ ఎంత చూపించిందో రాసుకుని, అక్కడి మట్టినే తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి, మళ్లీ తూచు. తగ్గిన బరువే నీళ్లు. చెల్క నేలకు, అంటే ఇసుక పాలున్న ఎర్ర నేలకు, కట్టిన లెక్క రేగడికి పనికిరాదు, దేనిది దానికే. విసుగు పుట్టించే పని. చాలామంది ఎగ్గొట్టేది ఇదే, నీ థీసిస్‌ను నిలబెట్టేదీ ఇదే.

ఇది నేల సెన్సర్లకే పరిమితం కాదు. 2004లో ఇంటెల్ బర్క్లీ ల్యాబ్‌లో 54 సెన్సర్లతో సేకరించిన డేటా ఉంది, ఇప్పటికీ ఎందరో వాడతారు. బ్యాటరీలు నీరసించే కొద్దీ కొన్ని సెన్సర్లు గది ఉష్ణోగ్రత వంద డిగ్రీలు దాటినట్టు చూపించాయి. ఆ డేటా దింపుకుని ఒక వారం దానితో కుస్తీ పట్టు.

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. చిప్ నిద్రపోతే పది మైక్రో యాంపియర్లే తాగుతుందని కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటుంది. నువ్వు కొనే బోర్డు మీద రెగ్యులేటరు, చిన్న లైటు కూడా ఉంటాయి, అవి నిద్రపోవు. అన్నీ కలిసి 10 మిల్లీ యాంపియర్లు లాగాయనుకో, 2000 ఎంఏహెచ్ బ్యాటరీ ఎనిమిది రోజులకే ఖాళీ. మల్టీమీటర్ పెట్టి నువ్వే కొలువు. ఇంకోటి, వైఫై ఆన్‌లో ఉంటే ఈఎస్‌పీ32లో సెన్సర్ వోల్టేజీని అంకెలుగా చదివే ఏడీసీ2 పిన్నులు పనిచేయవు. దానికి నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

దూరానికి లోరా అనే తక్కువ కరెంటు రేడియో వాడుకో, 865-867 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ అక్కర్లేదు. కాకపోతే మక్క చేను తలెత్తాక సిగ్నల్ పడిపోతుంది, యాంటెన్నా పంట కంటే ఎత్తున కట్టు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది కాలం. మిర్చి నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతారు. సామాన్ల ఫైలు ఆఫీసులో కదిలి డబ్బాలు చేతికొచ్చేసరికి నాకొకసారి కోతలు మొదలయ్యాయి. పంట నీ ఫైలు కోసం ఆగదు, ఏడాది పోయినట్టే. ఏప్రిల్‌లోనే ఆర్డర్లు పెట్టు. రెండు బోర్డులు ఎక్కువే తెప్పించు, ఒకటి ఎలుకలకు, ఒకటి పిడుగుకు.

డబ్బులు కట్టు, పది రోజుల్లో నీ పరిశోధన పేపర్ మా జర్నల్‌లో వేస్తాం అని మెయిళ్లు వస్తాయి. తెరవకుండానే తీసేయి.

దసరాకు ఎట్లాగూ వస్తావు కదా, ఒక సెన్సరు వెంట తీసుకురా. మన చెల్కలో పాతుదాం. తూకానికి నా పాత ఎలక్ట్రానిక్ కాటా ఉంది, మీ పెద్దమ్మ దాన్ని వంటింట్లో పెట్టుకుంది, నువ్వే అడుగు, నాకైతే ఇవ్వదు.

మీ పెదనాన్న