పాఠం నాలుక గురించే, జారింది నా నాలుకే

ప్రశ్న: నా వయసు 46. పన్నెండేళ్లుగా మా సంఘంలో బుధవారం బైబిల్ స్టడీ చెబుతున్నాను. మూడు నెలల క్రితం ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, వాళ్ల నాన్న తాగుడు గురించి చెప్పుకుని ఏడ్చింది. నేనూ నా భార్యా ప్రార్థన చేసి పంపించాం. తర్వాతి వారం వేషధారణ మీద పాఠం చెబుతూ, "మన మధ్యే ఒక ఇల్లుంది. తండ్రి తాగొచ్చి గొడవ చేస్తాడు, పిల్లలేమో ఇక్కడ ముందు నిలబడి పాటలు పాడతారు" అనేశాను. పేరు చెప్పలేదు. అయినా అందరికీ అర్థమైపోయింది. ఆ అమ్మాయి, వాళ్లమ్మ ఆ రోజు నుంచి రావడం లేదు. ఇంతలో మొన్న బుధవారం సాయంత్రం, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి మీద చిన్న విషయానికి అరిచాను. "నువ్వు దేనికీ పనికిరావు" అన్నాను. కాసేపటికి బైబిల్ తీసుకుని బయల్దేరుతుంటే వాడు "ఈ రోజు పాఠం దేని గురించి నాన్నా?" అన్నాడు. "నాలుక గురించి" అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వడం లేదు. "ఇది శోధన, సాతాను పెట్టే పరీక్ష, పట్టించుకోకండి. మీ పాఠాల వల్ల ఎంతమంది మారారో చూడండి" అంటున్నారు మా పాస్టర్‌గారు. నేను బోధించడం మానేయాలా?

జవాబు: బ్రదర్, మీ పాస్టర్‌గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇది శోధన కాదు. మీ అబ్బాయి నవ్వులో కాస్త వెటకారం ఉండొచ్చు, సాతాను మాత్రం లేడు. ఇంట్లో విన్న నాన్నకీ, సంఘంలో వినబోయే నాన్నకీ వాడికి పొంతన కుదరలేదు. మీకూ కుదరలేదు కాబట్టే నిద్ర పట్టడం లేదు.

"ఎంతమంది మారారో" అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. బైబిల్లో సంఖ్యాకాండం 20వ అధ్యాయం మీరు చాలాసార్లు చెప్పే ఉంటారు. జనానికి నీళ్లు లేవు. బండతో మాట్లాడమని దేవుడు చెబితే, వాళ్లని నడిపిస్తున్న మోషే విసిగిపోయి జనాన్ని ద్రోహులారా అని తిట్టి బండను రెండుసార్లు కొట్టాడు. నీళ్లు రాలేదా? సమృద్ధిగా వచ్చాయి. మనుషులు తాగారు, పశువులు తాగాయి. అయినా ఆ తప్పు వల్ల మోషే, దేవుడు ఇస్తానన్న కనాను దేశంలో అడుగుపెట్టలేకపోయాడు. ఆయన పెదవులతో కాని మాట పలికాడని 106వ కీర్తన ఆ సంగతిని మళ్లీ గుర్తు చేస్తుంది. మీ పాఠాల వల్ల పది మంది దాహం తీరడం నిజమే కావొచ్చు. అది దేవుడి దయ, మీ నోటికి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

ఆ బుధవారం మీరు చెప్పింది బైబిల్లో యాకోబు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, మూడో అధ్యాయమే అయ్యుంటుంది. గుర్రానికి కళ్లెం, ఓడకు చుక్కాని, అడవిని తగలబెట్టే చిన్న నిప్పు, అందరం ఇవే చెబుతాం. కానీ ఆ అధ్యాయం గుర్రంతో మొదలవదు, బోధకులతో మొదలవుతుంది. మీలో చాలామంది బోధకులు కావద్దు, మనకు మరింత కఠినమైన తీర్పు ఉంటుంది అన్న తర్వాతే నాలుక గొడవంతా వస్తుంది. మనమేమో ఆ మొదటి వచనాన్ని గబగబా చదివేసి, మిగతా పాఠాన్ని చాడీలు చెప్పుకునే విశ్వాసుల మీదకి, అందులోనూ ఆడవాళ్ల మీదకి తోసేస్తాం. (ఆడదాన్ని కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే అంటాను.)

అయితే యాకోబు "మీకు తీర్పు" అనలేదు, తనను కూడా కలుపుకున్నాడు. వెంటనే, మనమందరం అనేక విషయాల్లో తప్పిపోతున్నాం అని ఒప్పుకున్నాడు. ఎన్నడూ తప్పిపోనివాళ్లే బోధించాలంటే ఆ పత్రిక రాయడానికే ఎవరూ మిగలరు. కాబట్టి మీ ప్రశ్నకి "శాశ్వతంగా మానేయండి" అని నేను చెప్పను. "కొన్నాళ్లు ఆపండి" అని మాత్రం తప్పకుండా చెబుతాను. అది చివర్లో మాట్లాడుకుందాం, ముందు ఆ అమ్మాయి.

వారం వారం పాఠం చెప్పేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. ఎవరు ఏం చెప్పుకున్నా, లోపల ఏదో మూల "ఇది ఉదాహరణకి పనికొస్తుంది" అని రాసిపెట్టుకుంటాం. ఆ అమ్మాయి మీ ఇంట్లో ఏడ్చిన ఏడుపు వారం తిరిగేసరికి మీ పాఠంలో ఒక పాయింటయింది. అదీ వేషధారణ అన్న శీర్షిక కింద! ఆమె పాటలో వేషం ఏముందండీ? ఇంట్లో అలాంటి తండ్రిని పెట్టుకుని కూడా పాడగలిగిందంటే అది విశ్వాసం. మాట బయటపెట్టడం ఒక తప్పయితే, దానికి మీరు తగిలించిన అర్థం ఇంకో తప్పు. క్షమాపణ రెండింటికీ చెప్పాలి.

నేరుగా వాళ్లింటికి వెళ్లి తలుపు తట్టకండి, ఇంట్లో తండ్రి ఉంటే కొత్త గొడవ అవుతుంది. మీ భార్య చేత వాళ్లమ్మగారికి ఫోన్ చేయించి, కలవడం ఇష్టమేనా, ఎక్కడ కలవాలి అని అడగండి. వద్దంటే నాలుగు వాక్యాల ఉత్తరం రాసి, వాళ్లమ్మగారి చేతికే ఇప్పించండి. "నీకు బాధ కలిగి ఉంటే క్షమించు" అనకండి, అందులో తప్పు మీది కాదు, బాధపడిన ఆమెది అవుతుంది. "నువ్వు నమ్మి చెప్పిన మాటని నలుగురిలో పెట్టాను, నిన్ను వేషధారివన్నట్టు మాట్లాడాను, రెండూ నా తప్పే" అనండి, అక్కడితో ఆపండి. మీ ఉద్దేశం ఏమిటో వివరించొద్దు, మళ్లీ రమ్మని అడగొద్దు. నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి కదా అంటారేమో. నిజమే, కానీ మీరు అక్కడ నోరు విప్పగానే అందరి కళ్లూ మళ్లీ ఆమె కూర్చునే చోటుకే పోతాయి. అందుకే అది ఆమె ఒప్పుకుంటేనే.

ఒక్క మినహాయింపు ఉంది. తండ్రి కొడుతున్నాడనో, ఇంట్లో ప్రాణభయం ఉందనో ఆమె చెప్పి ఉంటే, దాన్ని గుట్టుగా ఉంచడం పుణ్యం కాదు. ఆదుకోగలిగినవాళ్లకి, అవసరమైతే పోలీసులకి చెప్పాలి. అది ఆమెకి చెప్పి చేసే పని, మైకులో చేసేది కాదు.

ఇక మీ అబ్బాయి. గంటసేపు మీరు మాట్లాడతారు, అందరూ తలలూపుతారు, ఒక్కరూ ఎదురు చెప్పరు. పన్నెండేళ్లు అలా గడిస్తే నోటికి అది అలవాటైపోతుంది, ఇంట్లో కూడా చివరి మాట మనదే కావాలి. నాకు తెలుసు, నేనూ ఆదివార బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ఒకసారి ఒక పిల్లాణ్ణి అందరి ముందు "వీడికి ఏదీ ఎక్కదు" అన్నాను, పిల్లలంతా నవ్వారు. వాడు పెద్దవాడై, పెళ్లయ్యాక ఓ రోజు కనిపించి, ఎంతో మర్యాదగా "నాకేదీ ఎక్కదు కదా టీచర్" అన్నాడు. అంతకుముందు నేను చెప్పిన వందల పాఠాల్లో వాడికి గుర్తున్నది ఆ ఒక్క ముక్కే.

కాబట్టి వాడికి సారీ చెప్పండి, పక్కన ఒక్క వచనం కూడా చేర్చకుండా. తర్వాత "నా మాటల్లో నిన్ను ఎక్కువ బాధపెట్టేది ఏది?" అని అడిగి, వాడు చెప్పినంతసేపూ నోరు తెరవకండి. వినడానికి వేగిరపడాలి, మాట్లాడటానికి నిదానించాలి అని అదే యాకోబు అన్నది ఇలాంటి పది నిమిషాల కోసమే. వాడు ముందు "ఏం లేదు" అంటాడు. అయినా లేచిపోకండి. ఇంకో సంగతి, ఆ గొడవ సరిగ్గా బుధవారం సాయంత్రమే ఎందుకు జరిగింది? పాఠం టెన్షన్, పైగా పనిచేసి వచ్చిన అలసట. బయల్దేరే ముందు గంటలో వాడి చదువు, వాడి ఫోన్ జోలికి పోవద్దు. "నా నోటికి కావలి పెట్టు" అని కీర్తనల్లో ఉన్న ప్రార్థన మీకూ తెలిసిందే. దాన్ని పాఠానికి ముందు కాదు, ఇంటి తలుపు తీసే ముందు చేసుకోండి. అరుపు ఎప్పుడైనా చెయ్యెత్తడం దాకా వెళ్లి ఉంటే మాత్రం ఇవి సరిపోవు, కౌన్సెలర్‌ని కలవాల్సిందే.

బోధన మూడు నెలలు ఆపండి. పాస్టర్‌గారికి "అలసిపోయాను" అని చెప్పి తప్పించుకోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పండి, ఆ అమ్మాయి పేరు మాత్రం ఎత్తకుండా. ఆయన మీ కోసం సంఘంలో ప్రార్థన చేయిస్తానంటే వివరాలు వద్దని కూడా చెప్పండి. మన సంఘాల్లో సగం గుట్లు "ప్రార్థన చేయండి" అన్న మాట మీదే బయటపడతాయి. బుధవారాలు వెనక వరుసలో కూర్చుని, ఇంకొకరు చెప్పేది వినండి. మొదట్లో మనసులో తప్పులు పడుతూ ఉంటారు, పర్లేదు. మూడు నెలలయ్యాక తిరిగి మొదలుపెట్టాలా వద్దా అన్నది మీ భార్యనీ, అబ్బాయినీ అడగండి. వాళ్లు ఇంకొన్నాళ్లు ఆగమంటే ఆగండి.

ఫోన్ మాత్రం ఈ బుధవారం లోపే చేయించండి.