అమెరికా వలసవాసులు జడ్జీల విషయంలో బ్రిటిష్ రాజుపై ఎందుకు తిరగబడ్డారు?

గొడవంతా రెండింటి మీద: జడ్జిని ఎవరు తీసేయగలరు, జీతం ఎవరిస్తారు.

ఇంగ్లండ్‌లో 1701 చట్టం ప్రకారం సత్ప్రవర్తన ఉన్నంతకాలం జడ్జి పదవిలో ఉంటాడు. తొలగించాలంటే పార్లమెంటు ఉభయ సభలూ కోరాలి. ఈ రక్షణ అమెరికాలోని బ్రిటిష్ వలసలకు దక్కలేదు. అక్కడ రాజు ఇష్టం ఉన్నంతవరకే పదవి అని 1761 చివర్లో గవర్నర్లకు ఆదేశాలు వెళ్లాయి. వాటిని పక్కనపెట్టి సత్ప్రవర్తన షరతుతో నియామకాలు చేసిన న్యూజెర్సీ గవర్నర్ జోసయా హార్డీ ఉద్యోగమే పోయింది.

పదవి రాజు చేతిలో ఉన్నా, జీతం స్థానిక శాసనసభ ఇస్తే కొంత అదుపు మిగిలేది. 1772లో మసాచుసెట్స్‌లో అదీ పోయింది. ఉన్నత న్యాయస్థానం జడ్జీల జీతాలు ఇకపై రాజు తరఫున, కస్టమ్స్ సుంకాల నుంచి వస్తాయన్నారు. అంటే జనం ఆమోదించని పన్నుతోనే వారిపై తీర్పు చెప్పేవాళ్లకు జీతం! నలుగురు జడ్జీలు వద్దన్నారు. ప్రధాన న్యాయమూర్తి పీటర్ ఆలివర్ మాత్రం తీసుకుంటానన్నాడు. 1774లో దిగువ సభ అతనిపై అభిశంసన పెట్టింది, గవర్నర్ హచిన్సన్ దాన్ని సాగనివ్వలేదు. అప్పుడు జ్యూరీ (కేసు విని నిర్ణయం చెప్పే సాధారణ పౌరుల బృందం) సభ్యులు ప్రమాణం చేయడానికే నిరాకరించారు. జ్యూరీ లేకుండా విచారణ నడవదు. అసలు దెబ్బ అదే.

నిజానికి ఏటా జీతం మంజూరు చేసే శాసనసభ కూడా జడ్జిని లొంగదీయగలదు. అందుకే స్వతంత్ర అమెరికా 1787 రాజ్యాంగం సత్ప్రవర్తన షరతుతో పాటు, పదవిలో ఉండగా జీతం తగ్గించకూడదనీ రాసింది.