పలకతో టర్కీ కోడి పిలుపు చెయ్యబోయే అల్లుడికి

అల్లుడూ,

పెన్సిల్వేనియాలో వసంతకాలం టర్కీ కోడి వేటకి దిగుతున్నావు కాబట్టి ఒకటి గుర్తుంచుకో. ఆ సీజన్‌లో పక్షి వెంట నక్కుతూ పోకూడదు, పిలిచి రప్పించాలి. అందుకని పుంజు విని వచ్చేలా పెట్ట గొంతు పలికే పాట్ కాల్ ఒకటి చేసుకో. అంటే పైన పలక బిగించిన గుండ్రటి చెక్క గిన్నె, పలక మీద పుల్లతో గీస్తే పలుకుతుంది. చెక్క పెట్టెలా ఉండే బాక్స్ కాల్ జోలికి ఇప్పుడే పోకు, దాని పలచటి గోడలు కొత్త చేతికి లొంగవు.

వాల్‌నట్ గానీ చెర్రీ గానీ, బాగా ఎండిన చెక్క తీసుకో. పచ్చిదైతే గిన్నె కోలగా వంకరపోయి పలక ఊడుతుంది. లేత్ (చెక్కని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద బయటి కొలత మూడున్నర అంగుళాలు, మందం అంగుళానికి కాస్త తక్కువ. పైన మూడంగుళాల పలక దిగడానికి చిన్న గట్టు వదులు. లోపల అడుగున ఓ వలయం నిలబెట్టి, దాని మీద రెండున్నర అంగుళాల గాజు బిళ్ళ పెట్టాలి. గాజు గిన్నె గోడకి ఎక్కడా తగలకూడదు, తగిలితే గొంతు మూగబోతుంది. జిగురు కూడా మూడు చుక్కలు చాలు. అడుగున మధ్యలో అర అంగుళం రంధ్రం, చుట్టూ ఆరు చిన్నవి.

అసలు కిటుకంతా గాజుకీ పలకకీ మధ్య ఖాళీలోనే ఉంది. పావు అంగుళంతో మొదలుపెట్టు. ఖాళీ తగ్గితే గొంతు సన్నబడుతుంది, మరీ పెరిగితే కుండలో మాట్లాడినట్టు ఉంటుంది. అతికించే ముందే గాజు కింద అట్టముక్కలు పెట్టి ఎత్తు మార్చి చూసుకో. పలకకి ఆరాక కూడా సాగే జిగురు వాడి ఒక రోజు వదిలెయ్. సూపర్ గ్లూ వద్దు, చెక్క కదిలితే అది పగులుతుంది.

పుల్లకి హికరీ అనే గట్టి చెక్క మంచిది. ముందు పొడుగ్గానే ఉంచి కొద్దికొద్దిగా కోస్తూ విను. పొట్టి అయ్యేకొద్దీ స్వరం పైకి పోతుంది, కోసింది మళ్ళీ అతకదు. మొన గుండ్రంగా, గరుగ్గా ఉండాలి.

పలకని పచ్చ స్క్రబ్ ప్యాడ్‌తో ఒకే వైపు రుద్ది, ఆ గీతలకి అడ్డంగా పుల్ల నడుపు. గిన్నెని వేళ్ళ కొసలతో పట్టుకో, కింద అరచెయ్యి డొల్లగా ఉండాలి. పుల్లని పెన్నులా వాల్చి, మొన ఎత్తకుండా చిన్న కోలగీతలు గియ్యి. "కీ-యొక్" అని పైనుంచి కిందికి విరిగి పడితే అదీ పెట్ట పిలుపు. విరగకుండా ఒకే తీరుగా కీచుమంటే ముందు మొన గీకు, తర్వాత పలక రుద్దు, ఆపైనే ఖాళీని అనుమానించు. ఒకటికి మించి ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

చెవి పక్కన విని తీర్పు చెప్పకు. ఫోన్‌ని యాభై అడుగుల దూరంలో పెట్టి రికార్డ్ చేసి, నిజం పెట్ట అరుపు పక్కన పెట్టి విను. దగ్గర్లో గరగరలాడేది చాలాసార్లు దూరానికి కమ్మగా వినిపిస్తుంది.

ఈ పరీక్షలన్నీ పెరట్లోనే. సీజన్‌లో అడవిలో సాధన చేస్తే నీ అరుపుకి పుంజు కాదు, తుపాకీ పట్టుకున్న ఇంకో వేటగాడు రావచ్చు. వేటకి వెళ్ళినప్పుడు ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దు. పుంజు తల రంగులు అవే.

పలక మీద వేలు పెట్టకు. చేతి జిడ్డు తగిలినా, మంచుకి తడిసినా పుల్ల జారిపోతుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, చిన్న ప్యాడ్ ముక్క జేబులో వేసుకో.

మీ మామయ్య