ఇంట్లో చేసిన క్రీమ్ లిక్కర్ ఎందుకు విరుగుతుంది?

క్రీమ్ లిక్కర్ అంటే విస్కీ, క్రీమ్ కలిపి చేసే తీపి మద్యం. కావలి నుంచి ఒకరు, గేదెపాల మీగడతో దీన్ని చేస్తే పైన వెన్న తేలింది, ఎందుకని అడిగారు. తప్పు విస్కీది కాదు, మీగడది. ఇంటి మీగడలో కొవ్వు కణాలు పెద్దవి. మిక్సీలో తిప్పగానే ఒకదానికొకటి అంటుకుని వెన్నవుతాయి. పైగా మూడు నాలుగు రోజులు పోగేసిన మీగడ ఎంతో కొంత పులిసే ఉంటుంది. ఆ పులుపుకి ఆల్కహాల్ తోడైతే విరక్కుండా ఎలా ఉంటుంది?

250 మి.లీ. ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్ వాడండి. చెంచాడు ఇన్‌స్టంట్ కాఫీ, రెండు చెంచాల కోకో కాసిని వేడినీళ్లలో ఉండల్లేకుండా కలిపి బాగా చల్లార్చండి. 400 గ్రాముల తీపి కండెన్స్‌డ్ మిల్క్‌లో ముందు ఇది, తర్వాత క్రీమ్, ఆఖరున 350 మి.లీ. విస్కీ సన్నటి ధారగా పోస్తూ గరిటెతోనే తిప్పండి. క్రీమ్, విస్కీ రెండూ ఫ్రిజ్‌లోంచి తీసినవే అయ్యుండాలి. విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతమైతే ఇందులో 16 శాతం దగ్గర తేలుతుంది. ఫిల్టర్ కాఫీ డికాక్షన్ వద్దు, పలచబడుతుంది.

వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లో వాడేయండి. కరెంటు పోయే మే నెలలో సగం కొలతే మేలు. మూతి దగ్గర మందంగా పేరుకుంటే ఊపండి, కలిసిపోతుంది. ఊపినా పలుకులు కనిపిస్తే, పుల్లటి వాసనొస్తే పారబోయండి.