పంపు విప్పే ముందు పైపు చూడండి
పాఠకుల ప్రశ్నలు – పాత డీజిల్ పికప్‌ల బాగోగులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పదేళ్లు దాటిన పికప్‌ల గురించే. చాలామంది పంపు మీదో, ఇంజన్ మీదో అనుమానపడి రాశారు. లక్షణాలు చదివితే మాత్రం వాటిలో చాలావరకు రబ్బరు పైపు, రాగి వాషరు, ఎర్త్ పట్టీ దగ్గరే తేలిపోయేలా ఉన్నాయి.

ప్రశ్న: మాది పాత డీఐ పికప్. పగలంతా ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతుంది. రాత్రి నిలిపి తెల్లారి నాలుగు గంటలకు చేపలకు పోదామంటే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా అందుకోదు. డీజిల్‌ను చేత్తో లైనులోకి లాగే హ్యాండ్ పంపు పది పదిహేను సార్లు కొడితే అప్పుడు అందుకుంటుంది. డీజిల్ పంపు దింపి సర్వీసు చేయించాలని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా?
– కొత్తపట్నం పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దు. పంపు లోపల అరిగిన బండి సాధారణంగా వేడి మీద ఆపి మళ్లీ తీసేటప్పుడు మొండికేస్తుంది. మీది పగలంతా బాగుండి, తెల్లారి మాత్రమే ఇబ్బంది పెడుతోంది. అంటే రాత్రి పూట లైనులోని డీజిల్ ట్యాంకులోకి దిగిపోతోంది. డీజిల్ దిగాలంటే ఎక్కడో ఒకచోట గాలి దూరాలి. ట్యాంకు నుంచి, డీజిల్‌ను పీల్చి ముందుకు పంపే ఫీడ్ పంపు దాకా ఉన్న లైను పీల్పు మీద నడుస్తుంది కాబట్టి అక్కడ పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కింద తడి కనిపించక లీకు లేదనుకుంటారు. పొరపాటు అక్కడే జరుగుతుంది.

ముందు పరీక్ష చేయండి. ఫిల్టరుకూ డీజిల్ పంపుకూ మధ్య ఉన్న రబ్బరు పైపు తీసి, అదే కొలతలో లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి క్లిప్పులు బిగించండి. సాయంత్రం ఇంజన్ ఆపినప్పుడు నిండుగా ఉన్న పైపు తెల్లారేసరికి ఖాళీ అయితే అనుమానం తీరినట్టే. ఇంజన్ నడుస్తుండగా కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి పీల్పు లైనులోనే దూరుతోంది. నడుస్తుంటే బుడగ లేదు, నిలిపితే మాత్రం దిగుతోంది అంటే మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపుల వైపు, హ్యాండ్ పంపు వాల్వు వైపు చూడాలి. ఈ ప్లాస్టిక్ పైపును అట్లాగే ఉంచేయకండి. డీజిల్ తగిలి కొన్నాళ్లకే గట్టిపడి క్లిప్పు దగ్గర చీలుతుంది.

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల మీది నుంచి పోయే సన్నటి రిటర్న్ పైపులు, పైన నూలు అల్లిక ఉన్నవి, అన్నింటికంటే ముందు పోతాయి. ఇంజన్ వేడికి రబ్బరు గట్టిపడి, వేలితో వంచితే అల్లిక కింద పగుళ్లు కనిపిస్తాయి. ఒకటి పగిలిందంటే మిగతావీ దగ్గర్లోనే ఉన్నట్టు. అన్నీ ఒకేసారి మార్చండి. పాత పైపును పట్టుకుని లాగితే నాజిల్ మీది మూతి వంగుతుంది. బ్లేడుతో పొడవునా చీల్చి, మూతి లోహానికి గీత పడకుండా ఒలిచి తీయండి. వరసలో చివరి నాజిల్ మూతిని మూసే చిన్న రబ్బరు టోపీ ఒకటి ఉంటుంది. పైపులన్నీ మార్చి దాన్ని మర్చిపోతే సమస్య అట్లాగే ఉంటుంది.

తర్వాత రాగి వాషర్లు. మధ్యలో రంధ్రం ఉన్న బ్యాంజో బోల్టుకు వాషర్లు రెండు, పైపు కన్నుకు అటొకటి ఇటొకటి. బోల్టు విప్పిన ప్రతిసారీ రెండూ కొత్తవే వేయాలి. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, రెండోసారి ఒత్తుకోదు. 10, 12, 14 మిల్లీమీటర్ల కొలతలు ఎక్కువగా వాడతారు, అయినా మీ బోల్టు చేత పట్టుకుని పోయి సరిచూసి కొనండి. దారిలో ఇరుక్కుపోయి కొత్తవి దొరకకపోతే, పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లారనిచ్చి, మసి తుడిచి వేస్తే మళ్లీ మెత్తబడి పని గడుస్తుంది. లీకు ఆగలేదని బోల్టును ఇంకా ఇంకా బిగించకండి. లోపల డొల్ల కాబట్టి రంధ్రం దగ్గర తెగుతుంది. ప్లంబరు వాడే తెల్ల టేపు డీజిల్ లైనులో ఎక్కడా చుట్టకూడదు. దాని పోగు ఒక్కటి చాలు నాజిల్ రంధ్రం మూసుకోవడానికి.

మూడోది హ్యాండ్ పంపే. లోపలి వాల్వు, రబ్బరు రింగు అరిగితే డీజిల్‌ను పట్టి ఉంచలేదు. తలకాయ కింది నుంచి తడి ఊరుతుంటే పూర్తిగా మార్చేయండి. రిపేరు మీద రిపేరు చేయించాల్సినంత ఖరీదు సామాను కాదు అది. ఫిల్టరు గిన్నె రింగు, నీళ్లు వదిలే మర కింద ఉన్న వాషరు కూడా అప్పుడే చూడండి.

బిగించాక గాలి తీయాలి. ఫిల్టరు మీది గాలి మరను ఒకటిన్నర చుట్టు వదులు చేసి, బుడగ లేని డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి, డీజిల్ కారుతుండగానే బిగించండి. తర్వాత డీజిల్ పంపు మీది మర దగ్గర అదే పని. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపుల నట్లు రెండు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టించి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. సెల్ఫ్ ఒక విడతకు 10 సెకన్లకు మించకుండా, మధ్యలో నిమిషం విరామం ఇవ్వండి. నాజిల్ పైపు దగ్గర వేలు పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే. కామన్ రైల్ ఇంజన్ (నాజిళ్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది) అయితే నాజిల్ పైపుల నట్లను అసలు ముట్టుకోకండి, ఈ పద్ధతి దానికి పనికిరాదు.

ప్రశ్న: ఎండాకాలం లోడు మీద టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. మా వేడికి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వని వాల్వు) అక్కర్లేదని చెబితే తీసేయించాం. ఇప్పుడు ఖాళీ బండికి ముల్లు లేవదు, లోడు మీద మాత్రం మునుపటికంటే తొందరగా లేస్తోంది. రేడియేటరులో బోరు నీళ్లే పోస్తాం.
– కనిగిరి పాఠకుడు

జవాబు: థర్మోస్టాట్ మళ్లీ పెట్టించండి. చాలా ఇంజన్లలో దానికి రెండు పళ్లేలు ఉంటాయి. పైది తెరుచుకున్నప్పుడు కిందిది బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత రేడియేటరుకు పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతుంది. లోడు మీద ముల్లు తొందరగా లేవడానికి కారణం అదే. ఖాళీగా తిరిగేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండిపోయి డీజిల్ సరిగా కాలదు, ఆయిల్ తొందరగా పాడవుతుంది, సిలిండర్లు అరుగుతాయి.

కొత్తదైనా వేసే ముందు పరీక్షించండి. దారానికి కట్టి గిన్నెలో నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి కాయండి. అంచు మీద ముద్రించిన డిగ్రీల దగ్గర, ఉదాహరణకు 82 దగ్గర, తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. చల్లార్చితే పూర్తిగా మూసుకోవాలి. అంచులో కదిలే చిన్న పిన్ను ఉంటే, బిగించేటప్పుడు అది పైవైపు రావాలి, గాలి పోయే దారి అది.

అసలు జబ్బు మాత్రం మీరు చివర్లో రాసిన మాటలో ఉంది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటరును దెబ్బతీసేది దానికంటే ఆ నీళ్లలోని సున్నం. వేడికి అది పొరలా పేరుకుని సన్నటి గొట్టాలను పూడ్చేస్తుంది, సిలిండర్ల చుట్టూ కూడా అంటుకుంటుంది. ఇంజన్ వేడెక్కాక ఆపి, ఫ్యాను నిలిచాక రేడియేటరు ముందు భాగం మీదుగా అరచేయి ఆనించీ ఆనించనట్టు పోనివ్వండి. అక్కడక్కడా చల్లటి పట్టీలు తగిలితే ఆ గొట్టాలు పూడిపోయాయి. పైన నీళ్లు పోసి కడిగితే రావు, రేడియేటరు పనివాడు ట్యాంకు విప్పి కమ్మీ దూర్చి తీయాలి. ఆ తర్వాత సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోయండి. 8 లీటర్లు పట్టే బండికి నాలుగు, నాలుగు. పాత నీళ్లు తీసేటప్పుడు రేడియేటరు మరతో సరిపెట్టక ఇంజన్ బ్లాకు పక్కనున్న మర కూడా విప్పండి. లేకపోతే పాత సున్నపు నీళ్లు చాలావరకు లోపలే ఉండిపోతాయి.

రేడియేటరు మూతను చాలామంది లెక్కలోకి తీసుకోరు. దాని మీద 0.9 అని ఉంటే అది బార్లలో ఒత్తిడి. ఆ ఒత్తిడి నిలబడితే నీళ్లు 100 డిగ్రీలకు బదులు దాదాపు 120 దగ్గర మరుగుతాయి. మూత కింది రబ్బరు పగిలితే ఆ 20 డిగ్రీల రక్షణ పోయినట్టే. ఇంజన్ చల్లారాక పై రబ్బరు పైపు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంటే మూతలోని చిన్న వాల్వు పట్టేసింది, మూత మార్చండి. అదే అంకె ఉన్నదే వేయాలి. ఫ్యాను బెల్టును రెండు కప్పీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 10–12 మిల్లీమీటర్లు దిగాలి. అంతకు మించితే బిగించాలి, పక్కలు అద్దంలా మెరుస్తుంటే మార్చాలి. వేడి మీద మూత తీయొద్దని ఎన్నిసార్లు రాసినా ప్రతి వేసవిలో ముఖాలు కాలుతూనే ఉన్నాయి. దయచేసి చల్లారనివ్వండి.

ప్రశ్న: రొయ్యలు, ఐసు మోసే బండి. కీ తిప్పితే టక్కుమంటుంది, సెల్ఫ్ తిరగదు. మూడు నాలుగు సార్లకు తిరుగుతుంది. బ్యాటరీ కొత్తదే. సెల్ఫ్ మోటారు కొత్తది వేయమంటున్నారు.
– విడవలూరు పాఠకుడు

జవాబు: ఉప్పునీళ్లు కారే బండికి ముందు ఎర్త్ పట్టీ చూడాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే దారి ఆ పట్టీయే. బయటికి బాగున్నట్టు కనిపించినా చివర్లలో పచ్చ చిలుము పట్టి లోపల పోగులు తెగి ఉంటాయి. మల్టీమీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ సీసపు మొన మీద, ఎర్ర తీగ ఇంజన్ రంగు లేని లోహం మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ లోపమే. అట్లాగే పాజిటివ్ మొన నుంచి సెల్ఫ్ లావు బోల్టు దాకా చూడండి.

పట్టీ మార్చేటప్పుడు ఛాసిస్ మీద రంగు, తుప్పు గీకి మెరిసే లోహం బయటపెట్టి బిగించి, పైన వాజలైన్ పూయండి. బ్యాటరీ మొనల మీది చిలుమును వంట సోడా కలిపిన వేడి నీళ్లతో కడగండి, ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఎర్త్ పోయిన బండిలో కరెంటు యాక్సిలరేటర్, క్లచ్ కేబుళ్ల గుండా దారి వెతుక్కుని వాటిని కాల్చేస్తుంది కూడా. కేబుల్ ఊరికే బిగుసుకుపోతుంటే అనుమానించండి.

రెండు చోట్లా వోల్టేజి సరిగా ఉండి ఇంకా టక్కుమంటుంటే సెల్ఫ్ సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) లోపలి రాగి కాంటాక్టులు అరిగిపోయి ఉంటాయి. ఆ ముక్కలు విడిగా దొరికే మోటారైతే అవే మార్చండి. బిగించేటప్పుడు బోల్టు లోపలి నట్టును మరో పానాతో పట్టుకోండి, బోల్టు తిరిగితే నల్ల మూత చీలుతుంది. విప్పారు కాబట్టి కార్బన్ బ్రష్షులు కూడా చూసి, కొత్తదాని పొడవులో సగానికి వస్తే మార్చేయండి.

ప్రశ్న: నిమ్మకాయల లోడు దించాక గతుకుల్లో వెనక కటకటమంటుంది, బండి ఒక పక్కకు లాగుతోంది. స్ప్రింగు కట్టల బుష్షులకు గ్రీసు పెడుతూనే ఉన్నాం.
– పొదలకూరు పాఠకుడు

జవాబు: గ్రీసు ఎక్కించే మూతి, అంటే నిపుల్, ఉంటేనే అది లోహపు బుష్షు. నిపుల్ లేకపోతే రబ్బరుది. దానికి గ్రీసు పూస్తే ఉబ్బి తొందరగా పోతుంది. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, గడ్డపారతో కట్ట చివర ఎత్తి చూడండి, పిన్ను చుట్టూ సందు కదిలితే పిన్నూ బుష్షూ రెండూ మార్చాలి. రబ్బరు బుష్షు దూర్చడానికి సబ్బు నీళ్లు వాడండి. ముఖ్యంగా, చక్రాలు గాలిలో ఉండగా ఆ బోల్టులు పూర్తిగా బిగించకూడదు. బండి నేల మీదికి దించి బరువు పడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి కొద్ది రోజులకే చిరుగుతుంది. పక్కకు లాగుతోందంటే కట్ట పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగి ఉండవచ్చు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే కట్ట విప్పి సెంటర్ బోల్టు మార్చి, యూ బోల్టుల నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, మొదటి లోడు మోశాక మళ్లీ ఒకసారి బిగించండి.

ప్రశ్న: వెనక బ్రేకు సిలిండరు లోపలి రబ్బరు కప్పులు కొత్తవి వేయించినా నెల తిరక్కముందే లీకు. గ్రానైటు దుమ్ములో తిరిగే బండి.
– చీమకుర్తి పాఠకుడు

జవాబు: సామాను డీజిల్‌తోనో పెట్రోలుతోనో కడిగి ఉంటారు. అది తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బిపోతుంది. కప్పులను శుభ్రమైన బ్రేకు ఆయిల్‌తోనే తడిపి వేయాలి. సిలిండరు లోపల గోరు పెట్టి చూడండి, గీత తగిలితే కప్పులు కాదు, సిలిండరే మార్చాలి. చివర్ల దుమ్ము టోపీలు చిరిగి ఉంటే మీ ఊరి రాతి పొడి లోపలికి పోయి కొత్త కప్పునూ కోసేస్తుంది. కిట్టులో అవి ఉన్నాయో లేదో కొనేటప్పుడే విప్పి చూసుకోండి.