సెక్స్ వర్క్ నేరం కాదంటారు, మరి ఈ అరెస్టులు ఏంటి? అప్పు తీర్చడానికి వచ్చినామెది సొంత ఇష్టమేనా?

ప్రశ్న ఇది: "ఇష్టపడి చేస్తే సెక్స్ వర్క్ తప్పు కాదని సుప్రీంకోర్టు చెప్పిందట. అయినా పేపర్లో రోజూ దాడులు, అరెస్టులు కనిపిస్తూనే ఉన్నాయి. అసలు చట్టం ఏమంటోంది? గతిలేక వచ్చినవాళ్ళది సొంత నిర్ణయం అనుకోవచ్చా?"

ముందు చట్టం చూద్దాం. రెండోదానికి జవాబు కొంత అందులోనే దొరుకుతుంది.

పద్దెనిమిది నిండిన మనిషి తన ఇష్టంతో డబ్బు తీసుకుని ఇంకొకరితో గడిపితే, ఒక్క ఆ పనికే శిక్ష వేసే సెక్షన్ మన చట్టంలో లేదు. 1956లో వచ్చిన అనైతిక వ్యాపార నిరోధక చట్టం ఉంది. స్టేషన్‌లో, కోర్టులో అందరూ 'పిటా' అంటారు. అది ఆ పని జోలికి నేరుగా పోకుండా, చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ నేరం చేసింది. ఇల్లు పెట్టి నడిపితే సెక్షన్ 3: మొదటిసారికి 1 నుంచి 3 ఏళ్ళ కఠిన జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. ఆమె సంపాదన మీద బతికితే సెక్షన్ 4: 2 ఏళ్ళ దాకా జైలు, లేదా 1,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఈ పనిలోకి తెచ్చి దించితే సెక్షన్ 5: 3 నుంచి 7 ఏళ్ళు. గుడి, బడి, హాస్టల్, ఆస్పత్రి, వీటికి 200 మీటర్ల లోపల జరిగితే సెక్షన్ 7: ఆమెకూ, వచ్చినవాడికీ 3 నెలల దాకా. మన ఊళ్ళలో ఈ నాలుగింటికీ 200 మీటర్ల అవతల గది ఎక్కడ దొరుకుతుందో టేపు పట్టుకుని వెతికితే తెలుస్తుంది. రోడ్డు మీద నిలబడి గానీ, కిటికీలోంచి గానీ సైగ చేసి పిలిస్తే సెక్షన్ 8: 6 నెలల దాకా జైలు, లేదా 500 దాకా జరిమానా, లేదా రెండూ.

అసలు మెలిక 'బ్రోతల్' నిర్వచనంలో ఉంది. ఇంకొకరి లాభం కోసం వాడే ఇల్లే కాదు, ఇద్దరు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ తమ ఉమ్మడి లాభం కోసం వాడుకునే గది, బండి కూడా ఆ మాట కిందికే వస్తాయి. ఒంటరిగా తన గదిలో ఉంటే బ్రోతల్ కాదు. వచ్చినవాడు తాగి గొడవ చేస్తే పక్క గదిలో తోడుంటుందని ఇద్దరు కలిసి ఫ్లాట్ తీసుకున్నారంటే, నిర్వాహకులన్న ముద్ర వాళ్ళ మీదే పడొచ్చు. భద్రత కోసం చేసే మొదటి పనినే చట్టం పెద్ద నేరం చేసి కూర్చుంది. సెక్షన్ 4 ఇంకో అడుగు ముందుకేసింది. 'పద్దెనిమిది దాటిన ఎవరైనా తెలిసి ఆమె సంపాదన మీద బతికితే' అంటుంది. అక్షరాలా చదివితే తల్లి డబ్బుతో డిగ్రీ చదువుతున్న కొడుకూ అందులో ఉన్నట్టే.

ఇక సుప్రీంకోర్టు సంగతి. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు అది. 'సెక్స్ వర్క్‌ను వృత్తిగా గుర్తించారు' అని టీవీలు ఊదరగొట్టాయి గానీ, కాగితం మీద ఉన్నది అంత కాదు. కోర్టు వేసిన ప్యానెల్ పది సిఫార్సులు చేసింది. వాటిలో కేంద్రానికి అభ్యంతరం లేని ఆరింటినే కచ్చితంగా అమలు చేయమని కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు వెంటనే వైద్యం అందించాలి. దాడుల్లో దొరికినవాళ్ళను పెట్టే రక్షణ హోముల్లో ఇష్టం లేకుండా ఉంచిన మేజర్ల కేసులు సమీక్షించి వదిలేయాలి. పోలీసులు మర్యాదగా మెలగాలి. మీడియా ఫొటోలు, పేర్లు బయటపెట్టకూడదు. కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు. న్యాయసేవా సంస్థలు వాళ్ళ హక్కులేంటో వాళ్ళకు చెప్పాలి. 'మేజర్ అయి, ఇష్టంతో ఉంటే పోలీసులు జోక్యం చేసుకోవద్దు', 'దాడిలో ఆమెను అరెస్టు చేయొద్దు' అన్నవి కేంద్రం అభ్యంతరం చెప్పినవాటిలో ఉన్నాయి. స్టేషన్‌లో 'సుప్రీంకోర్టే చెప్పింది' అని వాదించబోయేవాళ్ళు ఈ తేడా తెలుసుకుని మాట్లాడితే మంచిది. లేకపోతే ఎస్ఐ ఒక్క మాటతో నోరు మూయించేస్తాడు.

కండోమ్‌ల విషయంలో మాత్రం చేతిలో ఇంకో ఆయుధం ఉంది. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టంలో సెక్షన్ 22 చూడండి: జబ్బు అంటకుండా తీసుకునే జాగ్రత్తలను నేరంగా పరిగణించకూడదు. అదే చట్టం ప్రకారం ఆమె ఒప్పుకోకుండా హెచ్ఐవీ టెస్టు చేయకూడదు.

దాడి జరిగినప్పుడు చూడాల్సినవి ఇవి. వారెంట్ లేకుండా సోదా చేసే అధికారం స్పెషల్ పోలీస్ ఆఫీసర్‌కు ఉంటుంది, ఆయన ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు. వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. స్థానికులు ఇద్దరు సాక్షులుగా ఉండాలి, వాళ్ళలో ఒకరు ఆడమనిషి (ఆమె మాత్రం స్థానికురాలే కానక్కర్లేదు). ఆమెను ప్రశ్నించాల్సింది మహిళా పోలీసే. లేకపోతే గుర్తింపు ఉన్న సంక్షేమ సంస్థకు చెందిన మహిళ ఎదుటే అడగాలి. మామూలుగా నంబర్లు రాసిపెట్టుకున్న నోట్లిచ్చి ముందు ఒక నకిలీ కస్టమర్‌ను పంపుతారు, తర్వాత పంచనామా రాస్తారు. ఆ పంచనామాలో ఆమె పర్సులో ఉన్న సొంత డబ్బు కూడా 'స్వాధీనం' కింద కలిపేయడం తరచుగా జరిగే పొరపాటు. సంతకం పెట్టేముందు ఆ అంకె చదివించుకోవాలి. ఫోన్ తీసుకుంటే మోడల్, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) రాశారో లేదో చూసుకోవాలి. తర్వాత బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 497 లేదా 503 కింద మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేసి తెచ్చుకోవచ్చు. చాలామంది ఫోన్ మీద ఆశ వదిలేసుకుంటారు, వదులుకోనక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం ఎఫ్ఐఆర్ కాపీ. అందులో ఆమె పేరు 'ఏ2', 'ఏ3' అని, అంటే నిందితుల వరసలో ఉందా, 'విక్టిమ్' అని ఉందా? నిందితురాలైతే బెయిల్, విచారణ, శిక్ష. బాధితురాలైతే పిటా సెక్షన్ 17 ప్రకారం హోము. రెండు దారులూ వేరు, లాయరు చేయాల్సిన పనీ వేరు.

సైగ చేసి పిలిచిందనే సెక్షన్ 8 కేసుల్లో ఒక ఉచ్చు ఉంది. 'ఒప్పేసుకో అమ్మా, ఐదొందలు కట్టి సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు' అని కోర్టు వరండాలో ఎవరో ఒకరు చెబుతారు. ఆ ఒప్పుకోలు ఒక శిక్షగా రికార్డులోకి ఎక్కుతుంది. రెండోసారి నేరం రుజువైతే ఏడాది దాకా జైలు. పైగా సెక్షన్ 10ఏ కింద 2 నుంచి 5 ఏళ్ళు దిద్దుబాటు సంస్థలో పెట్టే అధికారం కోర్టుకు ఉంది. ఐదొందల దగ్గర మొదలైన వ్యవహారం అక్కడిదాకా పోతుంది.

బాధితురాలిగా హోముకు వెళ్ళినామె విషయంలో మేజిస్ట్రేట్ విచారణ జరుపుతారు. విచారణ సాగుతుండగా మూడు వారాలకు మించి కస్టడీలో ఉంచకూడదు. విచారణ ముగిశాక రక్షణ అవసరమనుకుంటే 1 నుంచి 3 ఏళ్ళు హోములో ఉంచమని రాయొచ్చు. ఈ దశలో ఆమె మాట కన్నా కాగితాలే గట్టిగా మాట్లాడతాయి. మొదటిది వయసు. టెన్త్ మెమో గానీ స్కూలు సర్టిఫికెట్ గానీ ఉండాలి, అది లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో జనన ధ్రువపత్రం. అవేవీ లేకపోతేనే ఎముకల పరీక్ష, అందులో రెండేళ్ళు అటూ ఇటూ తేడా వస్తుంది. పంతొమ్మిదేళ్ళ పిల్లకు ఆ తేడా ఎంత ప్రమాదమో ఊహించుకోండి. ఆధార్‌లో ఉన్న పుట్టినతేదీని నమ్ముకుంటే పని జరగదు. రెండోది, తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషి ఎవరు అన్నది. 'భర్తను' అంటూ వచ్చేవాళ్ళలో బ్రోకర్లు కూడా ఉంటారు కాబట్టి ప్రొబేషన్ ఆఫీసర్ అనుమానంగానే చూస్తారు, చూడాలి కూడా. నిజంగా భర్తో తల్లో అయితే రేషన్ కార్డు, ఓటరు కార్డు, పెళ్ళి ఫొటో, ఊరి సర్పంచ్ రాసిచ్చిన కాగితం మొదటి రోజే పట్టుకుని రావాలి. మూడోది ప్రొబేషన్ ఆఫీసర్ ఆమె ఇంటి గురించి చేసే విచారణ. ఆమెది వేరే రాష్ట్రమైతే అక్కడి నుంచి రిపోర్టు వచ్చేసరికి మూడు వారాలు ఎప్పుడో దాటిపోతాయి. అలా దాటితే ఊరుకోకుండా విడుదలకు పిటిషన్ వేయాలి. హోములో ఉంచమన్న ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టులో అప్పీలు ఉంది, అక్కడా కాకపోతే హైకోర్టు.

ఈ దారి ఎంత పొడవో బొంబాయి హైకోర్టు కేసు చెబుతుంది. ముంబై మలాడ్‌లో 2019 సెప్టెంబరులో పట్టుబడిన ముగ్గురు యువతులను ఏడాది హోములో ఉంచమని మేజిస్ట్రేట్ రాశారు. సెషన్స్ కోర్టు సరేనంది. 2020 సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసి, మేజర్ అయిన స్త్రీకి తన పని ఎంచుకునే హక్కు ఉందని, ఇష్టం లేకుండా పట్టి ఉంచడం కుదరదని చెప్పింది. తీర్పు గొప్పదే. కానీ అది వచ్చేసరికి ఏడాది దాదాపు అయిపోయింది.

ఇప్పుడు 'సొంత ఇష్టమేనా' అన్న ప్రశ్న. పద్దెనిమిది లోపైతే ఈ ప్రశ్నే లేదు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పోక్సో వర్తిస్తుంది, పిల్ల ఒప్పుకుందన్న మాటకు విలువ లేదు. పెద్దవాళ్ళ విషయంలో పేదరికం ఉంది కాబట్టి ఇష్టం లేదు అనడం నా దృష్టిలో తేలిక జవాబు. ఆ లెక్కన మిర్చి కోతకు వెళ్ళేదీ, నాలుగిళ్ళలో అంట్లు తోమేదీ, గల్ఫ్‌లో పనిమనిషిగా వెళ్ళేదీ ఎవరూ సరదాకు వెళ్ళరు. 'ఆమే వచ్చింది కదా' అనేసి చేతులు దులుపుకోవడమూ అంతే తేలిక. మనిషి ఎందుకు వచ్చిందని కాకుండా, డబ్బు ఎటు పోతోందని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

కోల్‌కతా సోనాగాచీలో మూడు రకాల ఒప్పందాలకు వాళ్ళ మాటల్లోనే పేర్లున్నాయి. 'ఛుక్రీ' అంటే ఎవరో ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కట్టుబానిస, చేతికి తిండీ బట్టా తప్ప ఏమీ రాదు. 'ఆధియా' అంటే సగం ఇంటి యజమానురాలికి, సగం ఆమెకు. మూడో రకం గది అద్దె కట్టుకుని తన పని తాను చూసుకునేది. పని ఒకటే అయినా ముగ్గురి పరిస్థితీ ఒకటి కాదు. మన దగ్గర అడగాల్సినవీ ఇలాంటివే. రేపు రానంటే ఏమవుతుంది? కస్టమర్‌ను వద్దనగలదా? కండోమ్ లేనిదే ఒప్పుకోనని చెప్పగలదా? ఫోన్, ఆధార్, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉన్నాయి? ఈ జవాబుల్లో బెదిరింపో, మోసమో, అధికార దుర్వినియోగమో కనిపిస్తే అది బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 143 కింద మనుషుల అక్రమ రవాణా, 7 నుంచి 10 ఏళ్ళు. అక్కడ 'ఆమె ఒప్పుకుంది' అన్న వాదన చెల్లదని ఆ సెక్షనే చెబుతోంది.

బెదిరింపు లేకుండా కట్టేసేది ఎక్కువగా అప్పు. వంద రోజుల ఫైనాన్స్ లెక్క చూడండి: 10,000 రాసుకుని చేతికి 9,000 ఇస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు. వినడానికి చిన్నదే. అసలు రోజురోజుకీ తగ్గుతూ పోతుంది కాబట్టి సగటున చేతిలో మిగిలేది 4,500, దాని మీద వంద రోజులకు వెయ్యి. ఏడాదికి కడితే 80 శాతం. ఇలాంటివి మూడు నడుస్తుంటే రోజుకు 300 పొద్దున్నే కట్టాలి, పని ఉన్నా లేకపోయినా. అలాంటి మనిషికి పునరావాసం పేరుతో కుట్టుమిషను ఇచ్చి ఫొటో దిగితే ఏం ఉపయోగం? జాకెట్ల మీద వచ్చే డబ్బుతో వాయిదా తీరదు, నెల తిరక్కుండా మిషను తాకట్టులో ఉంటుంది.

బయటపడాలని ఆమె అనుకుంటే ముందు అప్పుల చిట్టా రాయాలి. ఎవరికి ఎంత, ఇప్పటికి ఎంత కట్టింది, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం ఎక్కడెక్కడ పెట్టింది. ఏటీఎం కార్డు తాకట్టులో ఉంటే బ్యాంకుకు వెళ్ళి బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవాలి. ఆధార్ లేకపోతే ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టులు నడిపే సంస్థ ద్వారా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఇచ్చే ధ్రువపత్రంతో తీసుకోవచ్చు, చిరునామా రుజువు అడగరు. ఆమె పని ఏమిటో కార్డు మీద తెలిసే గుర్తేదీ ఉండకూడదని కోర్టు చెప్పింది. కోర్టు పనికి ఉచిత న్యాయసాయం నంబరు 15100కు ఫోన్ చేయొచ్చు, లేదా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళొచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. దరఖాస్తులో పిటా కేసు నంబరు ఒక్కటే రాసి వచ్చేయకండి, ఆ ఖాళీ నోట్ల సంగతి కూడా రాయించండి. కేసు కొట్టేసిన తర్వాత కూడా ఇంటి ముందుకు వచ్చి కూర్చునేది ఆ నోటు చేతిలో ఉన్నవాడే.