చేతులు వదలాలంటే కాలు బిగించాలి

అమ్మలూ,

రేస్ ట్రాక్ మీద బైక్ నడుపుతూ తీయించుకుని నువ్వు పంపిన మూడు ఫోటోలూ, వీడియో చూశాను. మలుపులో బండి వంచినా మోకాలు ఇంకా నేలకి తగలడం లేదని బెంగ పెట్టుకున్నావు. దాన్ని పక్కన పెట్టి, రెండో ఫోటోలో కుడి మలుపు మధ్యలో నీ కుడి చెయ్యి చూడు. మోచెయ్యి కర్రలా నిక్కబొడుచుకుని ఉంది. పిడికిలి దగ్గర గ్లవ్ తోలు ముడతలు పడేంత గట్టిగా హ్యాండిల్ పట్టుకున్నావు. నడుము మలుపు లోపలికి వచ్చింది గానీ తల ఇంకా విండ్‌స్క్రీన్ వెనక నడిమధ్యలోనే ఆగిపోయింది. సీటు మీద కూర్చోవాల్సిన మనిషివి హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నావు. ముందు సరిచెయ్యాల్సింది ఇదే. ఇది కుదిరితే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

చేతుల్లో బరువుంటే ఏమవుతుందో చెబుతాను. వంగిన బండికి ముందు చక్రం ఊరికే ఉండదు. రోడ్డు మీద ప్రతి చిన్న ఎత్తుపల్లానికీ అటూ ఇటూ కదులుతూ తన దారి తనే సరిచేసుకుంటుంది. బిగిసిన చెయ్యి ఆ కదలికని అడ్డుకుంటుంది, దాంతో ముందు భాగం వణుకుతుంది. ఇంకోటి, బండి కుడికి వంగాలంటే కుడి హ్యాండిల్‌ని ముందుకి నెట్టాలి. నీ బరువు ఎడమ చేతి మీద ఉంటే అదే సమయంలో నువ్వు ఎడమ హ్యాండిల్‌నీ నెడుతున్నట్టే. రెండు చేతులూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. నువ్వు రాసిన "బండి బరువుగా తిరుగుతోంది, మలుపులో బయటికి పోతోంది" అన్న ఫిర్యాదుకి మూలం అక్కడుంది. టైర్లు మార్చినా అది పోదు.

మరి చేతులు వదిలేస్తే ఒంటిని ఏది పట్టుకోవాలి? మలుపుకి బయటివైపు కాలు. కుడి మలుపులో ఎడమ కాలు. దీన్ని ట్రాక్ మీద నేర్చుకోవద్దు, ఆగిన బండి మీద నేర్చుకో. వెనక చక్రాన్ని లేపి నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ మీద పెట్టి, ముందు నుంచి ఒకరిని బండి గట్టిగా పట్టుకోమను. రైడింగ్ సూటు, బూట్లు వేసుకునే చెయ్యి, మామూలు బట్టల్లో పట్టు వేరుగా ఉంటుంది.

ముందుగా రెండు పాదాలూ వాటిని ఆనించే కడ్డీ, అంటే ఫుట్‌పెగ్ మీద సరిగా పెట్టు. వేళ్ల మొదట్లో ఉండే మెత్తటి భాగం పెగ్ మీద ఉండాలి, అరికాలి మధ్య భాగం కాదు. ట్యాంకుకీ నీకూ మధ్య ఒక పిడికిలి పట్టేంత ఖాళీ ఉండేలా సీట్లో వెనక్కి జరుగు. ట్యాంకుకి అతుక్కుని కూర్చుంటే నడుము పక్కకి జరగదు, ట్యాంకు చుట్టూ తిరిగిపోతుంది. ఇప్పుడు చేతులతో లాక్కోకుండా, తొడల బలంతో పెగ్ల మీద కొద్దిగా లేచి కుడివైపుకి జరుగు. ఒక పక్క పిరుదు బయటికి వస్తే చాలు. సూటు వెనక మధ్య కుట్టు సీటు అంచు మీదికి వచ్చిందంటే అదే కొలత. తర్వాత ఎడమ మోకాలి పైభాగాన్ని, తొడ లోపలి కండని ట్యాంకు పక్కనున్న పల్లంలోకి ఆనించి, ఎడమ మడమ పైకి ఎత్తు. అసలు కిటుకు ఈ మడమలోనే ఉంది. మడమ లేస్తే పిక్క బిగిసి తొడని పైకి, ట్యాంకులోకి తోస్తుంది. పెగ్‌కీ ట్యాంకుకీ మధ్య నీ కాలు చీల కొట్టినట్టు ఇరుక్కుంటుంది. మడమ కిందికి జారితే ఆ చీల ఊడిపోయినట్టే, వెంటనే చేతులు హ్యాండిల్‌ని పట్టుకుంటాయి.

ఆ తర్వాత కుడి పాదాన్ని పెగ్ చివరకి జరిపి, బొటనవేలు కాస్త బయటికి తిప్పి, మోకాలు తెరువు. బలవంతంగా చాపొద్దు, తుంటి ఎంతవరకు వదులైతే అంతవరకే. చివరగా పైభాగం. ఛాతీ దించి, గడ్డాన్ని కుడి మణికట్టు వైపు తీసుకెళ్లు. రోడ్డు బండికి అద్దం ఉండే చోటికి నీ తల రావాలి. కుడి మోచెయ్యి మడిచి నేల వైపు ఉంటుంది, ఎడమ ముంజేయి ట్యాంకు మీద వాలి ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. రెండు చేతులూ హ్యాండిల్ మీంచి తీసేసి పదంకెలు లెక్కపెట్టు. ఒళ్లు కిందికి జారినా, నడుము వణికినా కాలు ఇంకా పట్టలేదన్నమాట. మడమ చూసుకుని మళ్లీ మొదలుపెట్టు. రెండు వైపులా రోజుకి పదిసార్లు చేస్తే రెండు వారాల్లో కాలికి అలవాటవుతుంది. చాలామందికి ఒక వైపు సులువుగా వస్తుంది, రెండోది మొండికేస్తుంది. మొండి వైపుకే ఎక్కువ సమయం ఇవ్వు. నీ ట్యాంకు నున్నగా ఉంది కాబట్టి తొడ ఆనే చోట రబ్బరు గ్రిప్ ప్యాడ్లు అతికించు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే మార్పు బండి మీద ఇంకోటి లేదు. బ్రేకు లివరు కోణం కూడా చూడు. సీట్లో కూర్చుని చెయ్యి చాపితే ముంజేయి, వేళ్లు ఒకే గీతలో లివరు మీద పడాలి, మణికట్టు విరవాల్సి రాకూడదు.

ఎప్పుడు జరగాలన్న దాంట్లోనూ వీడియోలో తప్పు కనిపిస్తోంది. బండి వంచేటప్పుడే నడుము కూడా జరుపుతున్నావు. ఆ కుదుపు హ్యాండిల్‌కి తగిలి బండి మలుపు మొదట్లోనే ఊగుతోంది. నడుము జరపడం బ్రేకు పట్టకముందే, బండి నిటారుగా ఉండగానే అయిపోవాలి. తర్వాత ట్యాంకుని రెండు తొడలతో నొక్కి బ్రేకు వెయ్యి, గేర్లు దించు, కన్ను ఎపెక్స్ (మలుపులో లోపలి అంచుకి బండి అతి దగ్గరగా వచ్చే చోటు) మీదికి తిప్పు. హ్యాండిల్ నెట్టినప్పుడు తల, భుజాలు మాత్రమే లోపలికి దిగాలి. కింది సగం అప్పటికే అక్కడ సిద్ధంగా ఉంటుంది. ఎడమ వెంటనే కుడి వచ్చే జంట మలుపుల్లో కూడా కాళ్ల మీదే లేచి అవతలికి జరుగు, హ్యాండిల్ పట్టుకుని లాక్కోవద్దు.

ఇంత శ్రమ ఎందుకో ఒక లెక్కతో చూపిస్తాను. 64 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకి 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తే బండీ మనిషీ కలిసి దాదాపు 45 డిగ్రీలు వంగాలి. నువ్వు నిటారుగా కూర్చుంటే టైరు వెడల్పు వల్ల బండి ఒక్కటే ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువ వంగాల్సి వస్తుంది. నువ్వు లోపలికి జరిగితే ఇద్దరి బరువు కేంద్రం కూడా లోపలికి వస్తుంది, కాబట్టి అదే వేగానికి బండి కొంచెం నిటారుగా ఉంటుంది. పెగ్ నేలకి గీసుకోదు, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు థ్రాటిల్ (యాక్సిలరేటర్) తెరవడానికి టైరులో పట్టు మిగులుతుంది. మనం జరిగేది బండిని ఇంకా పడుకోబెట్టడానికి కాదు, కాస్త లేపి ఉంచడానికి.

అందుకే మోకాలి గురించి తొందర వద్దంటున్నాను. అది ఎంత వంగామో చెప్పే కొలబద్ద. నేల కోసం వెతుకుతూ మోకాలు చాపితే తుంటి తిరుగుతుంది, బయటి కాలు ట్యాంకు మీంచి ఊడుతుంది, తల వెనక్కి వస్తుంది. మూడో ఫోటోలో జరిగింది సరిగ్గా ఇదే. 1994 నుంచి 1998 దాకా వరసగా అయిదుసార్లు 500 సీసీ మోటార్‌సైకిల్ రేసుల ప్రపంచ విజేత అయిన మిక్ డూహన్ తల ఈనాటి రేసర్లంత లోపలికి వేలాడేది కాదు. కాబట్టి ఫోటోలో ఎలా కనిపిస్తున్నావన్నది కొలత కాదు. చేతులు వదులుగా ఉన్నాయా, బండి నువ్వు అనుకున్న గీత (మలుపులో బండి పట్టే దారి) మీద పోతోందా, అదే చూసుకో.

బ్రేకు గురించి జాగ్రత్తగా చదువు. లివరుని ఒక్కసారిగా గుంజితే బరువు ముందుకి రాకముందే చక్రం బిగుసుకుంటుంది. మొదట మెల్లగా నొక్కు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ దిగడం చేతికి తెలిశాక గట్టిగా నొక్కు. వదలడం కూడా అంత మెల్లగానే ఉండాలి. బండి వంగేకొద్దీ బ్రేకు తగ్గిస్తూ పో. టైరు పట్టు మొత్తం నూరు పాళ్లు అనుకుంటే, బ్రేకుకి 80 ఇచ్చాక మలుపుకి మిగిలేది 20 కాదు, దాదాపు 60. అది వృత్తం లెక్క, మామూలు కూడిక కాదు. అందుకే మలుపులోకి కొంచెం బ్రేకు తీసుకెళ్లడం సాధ్యమవుతుంది. కానీ టైరు చల్లగా ఉన్నప్పుడు, తడిగా ఉన్నప్పుడు ఆ నూరే చిన్నదైపోతుంది. నువ్వు ప్రస్తుతానికి వంచేలోపే ఎక్కువ బ్రేకు ముగించి, చివరి చిన్న వంతు మాత్రం లోపలికి తీసుకెళ్లడం నేర్చుకో.

బ్రేకు వదిలాక థ్రాటిల్‌ని వేగం నిలబడేంత మాత్రమే తెరువు. బండి లేవడం మొదలయ్యాక, లేచేకొద్దీ తెరువు. వంపు పెంచుతూ థ్రాటిల్ కూడా పెంచడం వెనక టైరు జారడానికి దగ్గర దారి. అలా జారినప్పుడు భయపడి థ్రాటిల్ ఠక్కున మూస్తే టైరు మళ్లీ పట్టుకుని బండి మనిషిని పైకి విసిరేస్తుంది. మామూలుగా పక్కకి జారి పడటం కంటే ఇలా పడటం చాలా ప్రమాదం. మలుపులో బయటికి పోతున్నాననిపిస్తే కూడా థ్రాటిల్ ఒక్కసారి మూయొద్దు. చూపు లోపలే ఉంచి, లోపలి హ్యాండిల్‌ని ఇంకొంచెం నెట్టు. ట్రాక్ అంచుని చూశావా, బండి అక్కడికే పోతుంది.

గీత గురించి ఒక్క మాట. వీడియోలో నీ చూపు ముందు చక్రానికి పది మీటర్ల అవతలే ఆగిపోతోందని హెల్మెట్ తిరిగిన తీరు చెబుతోంది. వంచకముందే ఎపెక్స్ కనిపించాలి, ఎపెక్స్ చేరకముందే బయటి అంచు కనిపించాలి. మలుపు మధ్యలో రెండోసారి హ్యాండిల్ నెట్టాల్సి వస్తోందంటే, బయటికి వచ్చేటప్పుడు థ్రాటిల్ కోసం ఆగాల్సి వస్తోందంటే, త్వరగా వంచుతున్నావని అర్థం. వంచే చోటుని రెండు మూడు మీటర్లు ఆలస్యం చేసి చూడు.

టైరు గాలి రోడ్డు లెక్కలో పెట్టుకుని ట్రాక్ ఎక్కొద్దు. టైరు వేడెక్కితే ప్రెషర్ పెరిగి, నేలని తాకే భాగం చిన్నదవుతుంది. టైరు కంపెనీ ట్రాక్ కోసం ఇచ్చిన అంకె చూసి, సెషన్ (ట్రాక్ మీద తిరిగే ఒక విడత) ముగిసి లోపలికి రాగానే వేడి మీదే కొలిచి సరిచెయ్యి.

వచ్చే ట్రాక్ డేకి సెషన్‌కి ఒక్క పనే పెట్టుకో. మొదటి సెషన్లో మడమ, రెండో సెషన్లో చూపు, మూడో దాంట్లో నడుము ముందే జరపడం. వేగం నీ పూర్తి వేగంలో పదింట ఏడు పాళ్లు దాటనివ్వకు, ప్రతి సెషన్లో మొదటి రెండు ల్యాపులు టైరు వేడెక్కడానికే వదిలెయ్. లోపలికి రాగానే ఒంటిని అడుగు. ముంజేతులు మండుతూ తొడలు తాజాగా ఉంటే చేతులే పనిచేశాయి. తొడలు వణుకుతూ వేళ్లు వదులుగా ఉంటే దారిలో పడ్డావు. తొడలకి ఓపిక రావాలంటే ఇంటి దగ్గర గోడకి ఆనుకుని కుర్చీ వేసినట్టు నిమిషం చొప్పున మూడుసార్లు నిలబడు. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య నీళ్లు తాగు. అలసటగా అనిపిస్తే చివరి సెషన్ వదిలేసుకో, అందులో పోయేదేమీ లేదు.

ఈసారి ఫోటోలు తీసేవాళ్లని అదే కుడి మలుపులో ఎపెక్స్ దగ్గర ఎదురుగా ఒకటి, బయటి వైపు నుంచి ఒకటి తియ్యమను. రెండోది తప్పకుండా పంపు. నీ ఎడమ మడమ పెగ్ కంటే పైకి లేచిందా లేదా అన్నది అందులోనే తెలుస్తుంది.

నీ మామయ్య